కోత లేదన్నారు సరే, పెరిగిన ప్రోస్టేట్ కండను ఏం చేస్తారు?

మా పెద్దనాయనకు 72 ఏళ్లు. కళ్యాణదుర్గం దగ్గర పల్లెలో ఆరెకరాల చీనీ (బత్తాయి) తోట, ఒక బోరు. రెండేళ్లపాటు రాత్రికి నాలుగైదుసార్లు లేచి బయటికి పోయేవాడు. పెద్దమ్మ అడిగితే "కరెంటొచ్చిందేమో చూసొస్తాండాలే" అనేవాడు. మోటార్లకు పగలే కరెంటిస్తున్న ఈ రోజుల్లో అర్ధరాత్రి ఏం కరెంటని ఆమె అడగలేదు, ఈయన చెప్పలేదు. పెళ్లిళ్లకు బస్సులో రమ్మంటే మోకాళ్ల నొప్పి అనేవాడు. మోకాళ్లు బాగానే ఉన్నాయని, మధ్యలో బస్సు ఆపరేమోనన్న భయమే ఆయన్ను ఇంట్లో కూర్చోబెట్టిందని మాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

పోయిన చలికాలం జలుబు చేస్తే ఊళ్లో మెడికల్ షాపు నుంచి మాత్రలు తెచ్చుకుని వేసుకున్నాడు. ఆ రాత్రి ఒంటేలు పూర్తిగా ఆగిపోయింది. మూత్రాన్ని మా వైపు ఒంటేలనే అంటాం. తెల్లారేలోపు పొత్తికడుపు కుండ బోర్లించినట్టు గట్టిగా లేచింది. మనిషి కూర్చోలేడు, పడుకోలేడు. కారు మాట్లాడుకుని అనంతపురం తీసుకొచ్చాం. పైపు వేశాక సంచిలోకి లీటరుకు పైగా దిగింది. సంచి నిండుతుండగానే ఆయన గురక పెట్టాడు.

జలుబు మాత్రకూ ఒంటేలుకూ లంకె ఏమిటంటే, ముక్కుదిబ్బడ తగ్గించే ఫినైలెఫ్రిన్, సూడోఎఫిడ్రిన్ లాంటి మందులు ముక్కులోని రక్తనాళాలను బిగిస్తాయి. అదే దెబ్బకు మూత్రాశయం మెడ దగ్గర, దాని కింది గ్రంథి అయిన ప్రోస్టేట్‌లో ఉండే కండరాలు కూడా బిగుసుకుంటాయి. అదే మాత్రలో తుమ్ములు ఆపడానికి కలిపే క్లోర్‌ఫెనిరమిన్ మూత్రాశయం పిండే బలాన్ని తగ్గిస్తుంది. దారి ముందే ఇరుకైన మనిషికి ఈ రెండూ కలిస్తే తలుపు మూసుకున్నట్టే. మాత్ర ఒక నెపం. అసలు కథ రెండేళ్ల ముందే మొదలైంది.

ఆసుపత్రి నుంచి వస్తుంటే సప్తగిరి సర్కిల్ దగ్గర ఒక ఫ్లెక్సీ కనబడింది. "ప్రోస్టేట్‌కు కోత లేని చికిత్స. కుట్లు లేవు. ఒక్కరోజులో ఇంటికి." పెద్దనాయన కారు అద్దంలోంచి చూసి, "కోత ల్యాకుండా చేస్తారంటనే, అదేందో కనుక్కోరా" అన్నాడు. కనుక్కోవడం మొదలుపెట్టాక తెలిసిందేమంటే, 'కోత లేదు' అనే మాటతో మనకు తెలిసేది దాదాపు ఏమీ లేదు. దాదాపు వందేళ్లుగా చేస్తున్న పాత ఆపరేషన్‌కు కూడా బయట కోత ఉండదు. అది కూడా మూత్రం వచ్చే దారిలోంచే గొట్టం పంపి చేసేదే. అందుకని అడగాల్సింది లోపల పెరిగిన కండను ఏం చేస్తారని.

ముందు ఆ కండ ఏమిటో చూద్దాం. ప్రోస్టేట్ గ్రంథి మూత్రాశయానికి కిందుగా, మూత్రనాళాన్ని ఉంగరంలా చుట్టుకుని ఉంటుంది. వయసులో ఉన్నవాళ్లకు 20 గ్రాములు, పెద్ద ఉసిరికాయంత. వీర్యంలో కొంత ద్రవం తయారుచేయడం దాని పని. నలభై దాటాక గ్రంథి లోపలి భాగం, అంటే నాళాన్ని ఆనుకున్న భాగం, మెల్లగా పెరగడం మొదలుపెడుతుంది. యాభైల్లో ఉన్నవాళ్లలో దాదాపు సగం మందికి, ఎనభై దాటినవాళ్లలో చాలా మందికి ఈ పెరుగుదల ఉంటుంది. ఇది క్యాన్సర్ కాదు, క్యాన్సర్‌గా మారదు కూడా. ప్రోస్టేట్ క్యాన్సర్ ఎక్కువగా గ్రంథి బయటి అంచులో పుడుతుంది. అయితే ఒకే మనిషికి రెండూ ఉండకూడదనే నియమం ఏమీ లేదు. ఈ సంగతికి మళ్లీ వస్తాను.

డ్రిప్ పెట్టుకున్న రైతుకు మిగతాది చెప్పడం తేలిక. ఫిల్టర్ పూడుకుపోతే చివరి చెట్లకు నీళ్లు సన్నగా పోతాయి. అది కంటికి కనిపిస్తుంది. కనిపించనిది మోటారు మీద పడే భారం. ఇక్కడ మోటారు మూత్రాశయం. దారి ఇరుకైతే అది ఇంకా గట్టిగా పిండుతుంది, గోడలు మందమవుతాయి, కొంచెం నిండగానే చిరాకు పడి పరిగెత్తిస్తుంది. రాత్రి నాలుగుసార్లు లేవడం చాలావరకు ఈ చిరాకే. ఏళ్లు గడిస్తే అదే సంచి పిండే శక్తి పోగొట్టుకుని వదులైపోతుంది. అప్పుడు ఫిల్టర్ ఎంత శుభ్రం చేసినా నీళ్లు రావు. షుగర్ ఉన్నవాళ్లలో ఇది ఇంకా త్వరగా రావచ్చు. కోత లేని చికిత్స కోసం ఎదురుచూస్తూ నాలుగేళ్లు మాత్రలతో నెట్టుకొచ్చేవాళ్లు ఈ మోటారు సంగతి మరిచిపోతారు.

మన స్కాన్ రిపోర్టుల్లో 'గ్రేడ్ 2 ప్రోస్టేటోమెగలీ' అని ఉంటుంది, అంటే ప్రోస్టేట్ పెరిగిందని. అది చూసి టెన్షన్ పడనివాళ్లు లేరు. నిజానికి సైజుకూ బాధకూ పెద్దగా పొత్తు కుదరదు. 90 గ్రాముల గ్రంథి ఉన్నా హాయిగా పోసుకునేవాళ్లు ఉన్నారు. 35 గ్రాములే ఉన్నా మధ్య తొన ఒకటి మూత్రాశయంలోకి పొడుచుకొచ్చి బిరడాలా అడ్డుపడితే అవస్థే. రిపోర్టులో గ్రేడు కంటే కింద ఉండే వాక్యం చూడాలి: మూత్రం పోసిన తర్వాత మూత్రాశయంలో ఎన్ని మిల్లీలీటర్లు మిగిలిందో రాసి ఉంటుంది. పెద్దనాయనకు గ్రంథి 64 గ్రాములు, పైపు తీశాక మిగిలిపోతున్నది 220 మి.లీ. ఆ రెండో అంకె మీదే డాక్టర్ గీత గీశాడు.

ఇంకో రెండు పరీక్షలు చవకైనవి, విలువైనవి. ఒకటి ప్రశ్నల కాగితం. ఏడు ప్రశ్నలు, ఒక్కోదానికి సున్నా నుంచి అయిదు మార్కులు, మొత్తం 35. ఏడు దాకా తేలిక, 8 నుంచి 19 మధ్యస్థం, 20 నుంచి పైన తీవ్రం. పెద్దనాయనకు 24 వచ్చింది. "ఇస్కూల్లో ఎప్పుడూ ఇన్ని మార్కులు రాల్యా" అన్నాడు. రెండోది యూరోఫ్లో. యంత్రం పెట్టిన గరాటులో పోస్తే ధార వేగం గీత గీస్తుంది. సెకనుకు 15 మి.లీ. దాటితే సాధారణంగా ఫర్వాలేదంటారు, 10కి తగ్గితే అడ్డు ఉందనో, మూత్రాశయం బలం తగ్గిందనో అనుమానిస్తారు. ఈ రెండింటిలో ఏదో తేలకపోతే మూత్రాశయం ఒత్తిడి కొలిచే యూరోడైనమిక్స్ చేస్తారు.

మాత్రల సంగతి క్లుప్తంగా చెబుతాను. టామ్సులోసిన్, సైలోడోసిన్ లాంటివి బిగిసిన కండరాన్ని వదులు చేస్తాయి. కొద్ది రోజుల్లోనే పనిచేస్తాయి, గ్రంథిని మాత్రం చిన్నది చేయవు. మంచం మీద నుంచి గభాల్న లేస్తే కళ్లు తిరగొచ్చు. ఇంకో మాట: కళ్లలో శుక్లాల ఆపరేషన్‌కు పోయేటప్పుడు ఈ మాత్ర వాడుతున్నామని, ఎప్పుడో వాడి ఆపేసినా సరే, కంటి డాక్టర్‌కు చెప్పాలి. ఆపరేషన్ మధ్యలో కనుపాప వదులైపోయి ఇబ్బంది పెడుతుంది. ఈ వయసువాళ్లు రెంటికీ తిరుగుతుంటారు కాబట్టి చెబుతున్నాను. రెండో రకం ఫినాస్టరైడ్, డ్యుటాస్టరైడ్. ఇవి గ్రంథిని పెంచే హార్మోను తయారీని అడ్డుకుని ఆరు నెలల్లో పరిమాణాన్ని సుమారు పావు వంతు తగ్గిస్తాయి. దీని వెనక కథ బాగుంటుంది. డొమినికన్ రిపబ్లిక్‌లోని ఒక పల్లె ప్రాంతంలో పుట్టుకతో ఒక ఎంజైమ్ లోపించిన మగవాళ్లకు ముసలితనంలో కూడా ప్రోస్టేట్ చిన్నదిగానే ఉండిపోతుందని 1970ల్లో గమనించారు. ఆ ఎంజైమ్‌నే మందుతో ఆపితే ఎలా ఉంటుందన్న ఆలోచన 1992లో ఫినాస్టరైడ్‌గా మార్కెట్లోకి వచ్చింది.

మూత్రం పదేపదే ఆగిపోతున్నా, మూత్రాశయంలో రాళ్లు చేరినా, మాటిమాటికీ ఇన్ఫెక్షనో రక్తమో వస్తున్నా, కిడ్నీల మీద ఒత్తిడి పడుతున్నా మాత్రలతో కాలం గడపకూడదు. దారి తెరవాల్సిందే. ఎలా తెరుస్తారన్నదే మిగతా కథంతా.

నేను ఫోన్లో బొమ్మలు చూపించి అరగంట చెప్పింది పెద్దనాయన ఒక్క మాటలో తేల్చేశాడు. "అడ్డమొచ్చిన కొమ్మను కొట్టేసేదొకటి, తాడేసి పక్కకు కట్టేసేదొకటి, నీళ్లాపి ఎండబెట్టేదొకటి. అంతేనా?" అంతే. ఆవిరి పెట్టి మాడ్చేదొకటి కలిపితే లెక్క సరిపోతుంది.

కొమ్మ కొట్టేసేవాటిలో పెద్దన్న టీయూఆర్‌పీ. డాక్టర్లు టర్ప్ అంటారు. దీనికి వాడే రెసెక్టోస్కోపు అమెరికాలో 1926లో మొదలై, ఆ తర్వాత మెరుగుపడుతూ వచ్చింది. నడుముకు మత్తిచ్చి, మూత్రనాళంలోంచి గొట్టం పంపి, కరెంటు పారే సన్నని తీగ ఉంగరంతో కండను చెక్కపేళ్లలా గీకి తీస్తారు. గంట, గంటన్నర పని. తర్వాత రెండు మూడు రోజులు పైపు, దాంతోపాటు మంచం పక్కన వేలాడే పెద్ద సెలైన్ సంచులు. రక్తం గడ్డకట్టకుండా లోపల నిరంతరం కడుగుతుంటారు. ఆ నీళ్లు మొదటి రోజు ఎర్రగా, తర్వాత గులాబీ రంగులో, చివరికి తేటగా వస్తాయి. పాతకాలంలో గ్లైసిన్ ద్రవం వాడేవాళ్లు. అది ఒంట్లోకి ఇంకి సోడియం పడిపోయే ప్రమాదం ఉండేది. ఇప్పుడు బైపోలార్ పద్ధతిలో మామూలు సెలైన్‌తోనే చేస్తుండటంతో ఆ భయం చాలావరకు పోయింది.

హోలెప్ దీని తమ్ముడు, చాలా విషయాల్లో అన్నను మించినవాడు. 1990ల్లో న్యూజిలాండ్‌లో పీటర్ గిల్లింగ్ బృందం రూపు కట్టింది. హోల్మియం లేజర్‌తో కండను గీకకుండా మొత్తంగా ఒలిచేస్తారు. చీనీకాయ తొక్కలోకి బొటనవేలు దూర్చి తొనలను చుట్టూ విడదీస్తామే, అలాగే. ఒలిచిన తొనలను మూత్రాశయంలోకి నెట్టి, అక్కడ ముక్కలు చేసి పీల్చి బయటికి తీస్తారు. తొక్క లోపలే ఉండిపోతుంది. దీని గొప్ప ఏమిటంటే సైజుతో పనిలేదు. 150 గ్రాములున్నా చేస్తారు. ఒకప్పుడు అంత పెద్దదైతే పొట్ట కోయాల్సి వచ్చేది. రక్తం తక్కువ పోతుంది, పైపు త్వరగా తీస్తారు. తిప్పలు రెండు: నేర్చుకోవడం కష్టమైన పని, పదుల సంఖ్యలో చేస్తేనే డాక్టర్‌కు చెయ్యి తిరుగుతుంది, కొందరికి మొదటి కొన్ని వారాలు దగ్గినప్పుడు, లేచినప్పుడు చుక్కలు కారతాయి. మిషన్ ఏ కంపెనీదని కాకుండా మీరు ఇప్పటిదాకా ఎన్ని చేశారని అడగడం సిగ్గుపడాల్సిన విషయమేమీ కాదు.

ఆవిరితో చేసేది రెజూమ్. 2015లో అమెరికా మందుల, వైద్య పరికరాల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతి వచ్చింది. సన్నని సూది ద్వారా 103 డిగ్రీల నీటి ఆవిరిని కండలోకి తొమ్మిదేసి సెకన్లు వదులుతారు. ఆవిరి నీరుగా మారేటప్పుడు వదిలే వేడికి కణాలు చనిపోతాయి. చేసే పని నిమిషాల్లో అయిపోతుంది, నడుముకు మత్తు కూడా చాలామందికి అక్కర్లేదు. ఫ్లెక్సీలో రాసే 'ఒక్కరోజు' ఇదే. కానీ చచ్చిన కండ ఆ రోజే మాయం కాదు. ముందు వాస్తుంది, తర్వాత వారాల తరబడి శరీరమే దాన్ని మెల్లగా కరిగించుకుంటుంది. ఫలితం పూర్తిగా కనబడటానికి మూడు నెలలు పడుతుంది. నాకు బావ వరసైన ఒకాయన, 56 ఏళ్లు, టీచర్, బెంగళూరులో ఇది చేయించుకున్నాడు. ఒక్కరోజులోనే ఇంటికొచ్చాడు, నిజమే. కాకపోతే పైపుతో, కాలికి కట్టిన సంచితో వచ్చాడు. నాలుగు గంటల ప్రయాణం, సంచి కనబడకుండా లుంగీ. వారం తర్వాత పైపు తీశాక మూడు వారాలు మంట, పరుగు, ముందుకంటే ఎక్కువ. "ఇదంతా ముందే చెప్పుంటే బాగుండు, డబ్బు కట్టించుకునేటప్పుడు మాత్రం అన్నీ చెప్పినారు" అని నాతో తిట్టాడు. నాలుగో నెల నుంచి తిట్టడం మానేశాడు. ధార బాగుంది, మాత్ర ఆపేశాడు.

తాడేసి కట్టేసేది యూరోలిఫ్ట్, దీనికి ఎఫ్‌డీఏ అనుమతి 2013లో వచ్చింది. రెండువైపులా ఉబ్బిన కండను చిన్న లోహపు కొక్కేలు, దారంతో పక్కకు లాగి బిగిస్తారు. నాలుగైదు పడతాయి, శాశ్వతంగా లోపలే ఉంటాయి. కోయరు, కాల్చరు. కానీ కండ అక్కడే ఉంటుంది, పెరుగుతూనే ఉంటుంది. దీని మీద జరిగిన ప్రధాన పరిశీలనలో అయిదేళ్లలో 13.6 శాతం మందికి మళ్లీ ఏదో ఒక ఆపరేషన్ అవసరమైంది. రెజూమ్ పరిశీలనలో అదే అయిదేళ్లకు 4.4 శాతం. రెండూ వేర్వేరు రోగుల మీద చేసినవి, పక్కపక్కన పెట్టి తూచలేం. కొమ్మను కడితే ఎప్పుడో ఒకప్పుడు తాడు వదులవుతుందన్న ఇంగితానికి మాత్రం ఇవి ఎదురు చెప్పడం లేదు.

నీళ్లాపేది పీఏఈ, అంటే ప్రోస్టేట్‌కు రక్తం తెచ్చే ధమనులను మూసేయడం. ఇది మూత్రనాళం జోలికే పోదు. తొడ మొదట్లోనో మణికట్టులోనో ధమనికి సూది వేసి, సన్నని తీగ గొట్టాన్ని ప్రోస్టేట్ ధమని దాకా నడిపించి, ఇసుక రేణువుల్లాంటి పూసలు వదులుతారు. రెండువైపులా చేయాలి. చేసేది మూత్రవ్యవస్థ డాక్టరైన యూరాలజిస్టు కాదు, ఎక్స్‌రే తెర మీద చూస్తూ సన్నని గొట్టాలతో చికిత్స చేసే ఇంటర్వెన్షనల్ రేడియాలజిస్టు. రక్తం పలచబడే మందులు ఆపలేని గుండె రోగులకు, మత్తు తట్టుకోలేనివాళ్లకు, గ్రంథి బాగా పెద్దదై ఆపరేషన్‌కు పనికిరానివాళ్లకు ఇది నిజంగా మంచి దారి. బ్రిటన్‌లో చికిత్సలను బేరీజు వేసే నైస్ సంస్థ 2018లో దీనికి పచ్చజెండా ఊపింది. ధార వేగం మాత్రం టర్ప్ చేసినంత పెరగదు. ముసలివాళ్లలో ధమనులు పూడుకుపోయి, మెలికలు తిరిగి ఉంటే గొట్టం అక్కడిదాకా పోకపోవచ్చు. రంగు మందు ఎక్కిస్తారు కాబట్టి కిడ్నీలు బలహీనంగా ఉన్నవాళ్లు ముందే చెప్పాలి.

డాక్టర్ గీసిన గీత ప్రకారం రోబో నీటి ధారతో కండను కోసే ఆక్వాబ్లేషన్ లాంటివి ఇంకా ఉన్నాయి. అన్నింటి జాబితా వేయబోవడం లేదు. ఎందుకంటే ఈ రంగంలో కొత్తదనానికి ఆయుష్షు తక్కువ. 1990ల్లో రేడియో తరంగాల సూదులతో కాల్చే ట్యూనా అనే పద్ధతి ఇలాగే 'కోత లేదు' అంటూ వచ్చింది. తర్వాత అమెరికా యూరాలజీ సంఘం మార్గదర్శకాలు దాన్ని వద్దన్నాయి. బెలూన్‌తో సాగదీయడం అంతకుముందే మూలపడింది. పదేళ్లు నిలబడిన ఫలితాలు చూపించని పద్ధతిని నేనైతే కొంచెం దూరం నుంచే చూస్తాను.

ఇంట్లో ఎవరూ నోరు తెరిచి అడగని విషయం ఒకటుంది. కండను తీసేసే పద్ధతుల్లో, టర్ప్ అయినా హోలెప్ అయినా, మూత్రాశయం మెడ తెరుచుకుంటుంది కాబట్టి కలయిక సమయంలో వీర్యం బయటికి రాకుండా వెనక్కి, మూత్రాశయంలోకి పోతుంది. మూడింట రెండొంతుల మందికి, అంతకన్నా ఎక్కువ మందికి ఇలా జరుగుతుంది. అంగస్తంభన మామూలుగా చెడదు, సుఖం కూడా చాలావరకు ఉంటుంది. ప్రమాదమేమీ లేదు, తర్వాత ఒంటేలులో కలిసి పోతుంది. కానీ ముందే చెప్పకపోతే మనిషి తనలో తనే కుంగిపోతాడు. రెజూమ్, యూరోలిఫ్ట్‌లలో ఈ ఇబ్బంది చాలా అరుదు. 56 ఏళ్ల బావ రెజూమ్ ఎంచుకోవడానికి కారణం ఇదే, డబ్బూ కాదు, 'ఒక్కరోజూ' కాదు. డాక్టర్ గదిలోకి కొడుకునో అల్లుణ్నో వెంటబెట్టుకుపోతే ఈ మాట రాదు. అయిదు నిమిషాలు పెద్దాయనను ఒంటరిగా వదలండి.

క్యాన్సర్ దగ్గరికి మళ్లీ వస్తానన్నాను. టర్ప్, హోలెప్ చేస్తే తీసిన ముక్కలు ల్యాబ్‌కు పోతాయి. ఎక్కడైనా క్యాన్సర్ దాక్కుని ఉంటే బయటపడే అవకాశం ఉంది. ఆవిరి, కొక్కేలు, పూసల పద్ధతుల్లో చేతికి ముక్క రాదు. అందువల్ల వాటికి ముందు ప్రోస్టేట్ క్యాన్సర్ అనుమానం ఉందేమో చూసే పీఎస్ఏ అనే రక్తపరీక్ష, అవసరమైతే ఎంఆర్ఐ చూసుకోవడం ఇంకా ముఖ్యం. పీఎస్ఏ చదవడంలో రెండు తిరకాసులున్నాయి. మూత్రం ఆగి పైపు వేసిన రోజుల్లో, ఇన్ఫెక్షన్ ఉన్నప్పుడు అది ఊరికే పెరుగుతుంది. అప్పుడు చేయించి బెంబేలెత్తకూడదు. ఫినాస్టరైడ్, డ్యుటాస్టరైడ్ ఆరు నెలలు వాడినవాళ్లలో దాదాపు సగానికి తగ్గి కనిపిస్తుంది. రిపోర్టులో 3 ఉంటే దాన్ని 6గా చదువుకోవాలి. ఆ మాత్ర వాడుతున్న సంగతి డాక్టర్‌కు తెలియకపోతే ఆ 3 చూసి అంతా బాగుందనుకునే ప్రమాదం ఉంది.

పెద్దనాయన టర్ప్ చేయించుకున్నాడు. షుగర్ ఉంది, 220 మి.లీ. మిగిలిపోతోంది, ఒకసారి పూర్తిగా ఆగిపోయింది. ఈ స్థితిలో వారాల తరబడి వాపు తగ్గేదాకా ఆగే పద్ధతి కంటే దారి ఒకేసారి తెరవడం మేలని డాక్టర్ అన్నాడు. 64 గ్రాములు టర్ప్‌కు అందే సైజే. ఆరోగ్యశ్రీగా అందరూ పిలిచే ఎన్టీఆర్ వైద్య సేవలో టర్ప్ ఉంది, కార్డు పనికొచ్చింది. పుట్టపర్తిలో ఉచితంగా చేసే సత్యసాయి సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రిలో యూరాలజీ ఉందని తెలుసు గానీ, ఈయన పైపుతో అంత దూరం రానన్నాడు. వీర్యం సంగతి డాక్టర్ విడిగా చెప్పాడట. ఈయన ఏమన్నాడో మేం అడగలేదు.

నాలుగో రోజు ఇంటికి పంపారు. ఆరు వారాలు బరువులెత్తొద్దని, ముక్కి మలవిసర్జన చేయొద్దని, నీళ్లు బాగా తాగమని కాగితం మీద రాసిచ్చారు. పెద్దమ్మ గట్టిగా చదివి వినిపించింది. పన్నెండో రోజు తోటలో ఎరువు మూట ఎత్తాడు. సాయంత్రానికి ఒంటేలు ఎర్రగా వచ్చింది. లోపలి పుండు మీద కట్టిన పక్కు రెండో వారంలో ఊడేటప్పుడు ఇలా అవడం మామూలేనని, గడ్డలు పడి ధార ఆగితే మాత్రం వెంటనే రమ్మని డాక్టర్ ఫోన్లో చెప్పాడు. రెండు రోజులు మంచం దిగకుండా నీళ్లు తాగితే తేటబడింది. ఆ వారమే ల్యాబ్ రిపోర్టు కూడా వచ్చింది. క్యాన్సర్ లేదు.

రాత్రికి ఇప్పుడు ఒకసారి లేస్తాడు. పోయిన నెల కదిరిలో పెళ్లికి మాతోపాటు బస్సులోనే వచ్చాడు. కిటికీ సీటు అడిగి మరీ కూర్చున్నాడు, మధ్యలో ఎక్కడా దిగలేదు.